సెమర్‌డీహ్ ముందస్తు సంతకాలు

సభకి అధ్యక్షత వహిస్తున్న మా పెద్దసారు మోహనకృష్ణ గారికి, నాలుగేళ్ళుగా తలుపుల్లేని ఈ హాలుకి ఈ నెలలోనే తలుపులు పెట్టించిన మన తెలుగు సంఘం పెద్దలకి (నవ్వులు), మోవా నుంచీ బీర్‌గావ్ నుంచీ ఈ వానలో తడుస్తూ శంకర్ నగర్ దాకా వచ్చిన అన్నయ్యలకీ వదినలకీ, రైల్వే కాలనీ నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చిన మా అత్తగారు ఆండాళమ్మ గారికీ ఆవిడ స్నేహితురాళ్ళకీ, గుమ్మం పక్కన చివరి కుర్చీలో కూర్చున్న ఫిరతూ రామ్ సాహూ గారికీ నమస్కారం. ఫిరతూ రామ్ గారికి తెలుగు రాదు. ఆయనెవరో, ఈ సభకి ఎందుకొచ్చారో మీకు చెప్పాలనే ఇవాళ మైకు ముందుకొచ్చాను. కాస్త ఓపిక పట్టండి.

మధ్యాహ్నం ఆఫీసులో ఒక వీడ్కోలు అయింది. సమోసాలు పెట్టారు, గోడగడియారం ఇచ్చారు. ముప్పై తొమ్మిదేళ్ళు వేళకి రమ్మని సతాయించి, ఇక రావక్కర్లేదన్న రోజున గడియారం చేతిలో పెట్టడం మా డిపార్ట్‌మెంటుకే చెల్లింది. (నవ్వులు) అక్కడ హిందీలో పొగిడారు, ఇక్కడ మీరు తెలుగులో పొగిడారు. హిందీ పొగడ్త ఆఫీసు గేటు దాటేసరికి మర్చిపోయాను. తెలుగు పొగడ్త మాత్రం నన్ను కుర్చీలో కూర్చోనివ్వలేదు.

మన సంఘం కార్యదర్శి నళిని ఇందాక చదివిన సన్మానపత్రం మీరందరూ విన్నారు. ఏడు పేరాలు, మధ్యలో మూడు పద్యాలు. నన్ను భగీరథుడికి చెల్లెల్ని చేసింది, గంగాభవాని అని పేరు పెట్టినందుకు మా నాన్నని కూడా పొగిడింది. ఆయన వాల్తేరు నుంచి ఇక్కడికి బదిలీ మీద వచ్చిన రైల్వే ఫిట్టరు, పాపం ఆయనకి కాలువల సంగతే తెలీదు. (నవ్వులు) ఐదో పేరాలో ‘కాలువ చిట్టచివరి మడి దాకా నీరు నడిపించిన తల్లి’ అంది. మీరు ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అక్కడే. నళినీ, నీ తప్పేం లేదమ్మా. నీకా మాట మా ఆఫీసు వాళ్ళిచ్చిన కాగితాల్లో దొరికింది. ఆ కాగితాల్లో అలాగే ఉంటుంది. అలా ఉండేలా చేసింది నేనే.

మీలో చాలామంది ఫ్యాక్టరీల వాళ్ళు, రైలు వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు గనక నా పనేమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ఆనకట్ట నుంచి పెద్ద కాలువ వస్తుంది. పెద్ద కాలువ లోంచి పిల్ల కాలువలు చీల్తాయి. పిల్ల కాలువ ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఒక రాయి పాతుతాం, దాన్ని టెయిల్ రాయి అంటాం. మనవైపు శివారు భూములంటారే, ఆ రాయి చుట్టూ ఉండేవి అవే. పైన ఉన్న రైతుకి కాలువ ఇంటి ముందు కుళాయి. శివారు రైతుకి కాలువంటే పైవాళ్ళందరూ వాడుకున్నాక మిగిలింది. ఆ మిగిలింది మిగిలేలా చూడటం, ఎవరి వంతు ఎప్పుడో చెప్పి ఆ వంతుకి నీళ్ళు చేర్చడం నా ఉద్యోగం. జీతం తీసుకున్నది దానికే.

రెండువేల ఐదులో నాకో పిల్ల కాలువ అప్పజెప్పారు. దాని చివర ఉన్న ఊరు సెమర్‌డీహ్, మా సెక్షన్ ఆఫీసుకి ఇరవై రెండు కిలోమీటర్లు. నేను మోపెడ్ మీద మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పొడుగాటి మనిషి మొలకెత్తిన వరిలో నాగలి తోలుతున్నాడు, పచ్చటి పైరుని పైరు మీదే దున్నేస్తున్నాడు. మా అమ్మమ్మగారి ఊరు నరసన్నపేట పక్కన, నాకు నారు పొయ్యడం, ఊడ్చడం తెలుసు గానీ ఇదేం చోద్యమో తెలీదు. మోపెడ్ పడేసి గట్టు మీద పరిగెత్తుకెళ్ళి ‘అరె కకా, బాబాయ్, పంట పాడైపోతోంది, ఆపు’ అని అరిచాను. ఆయన నాగలి ఆపి, నన్ను కింద నుంచి పైదాకా చూసి, పక్క మడిలో వాళ్ళని పిలిచి మరీ నవ్వాడు. (నవ్వులు) ఇక్కడ దీన్ని బియాసి అంటారు. విత్తనం వెదజల్లి, నెలకి మడి నిండా నీళ్ళు పెట్టి, ఆ నీళ్ళలో పైరుని దున్నుతారు. కలుపు చస్తుంది, వరి తేరుకుంటుంది. అయితే ఒక షరతు, మడిలో నీళ్ళు నిలిచి ఉండాలి. నీళ్ళు లేకపోతే బియాసి లేదు, కలుపు పైకొచ్చి వరిని మింగేస్తుంది. ఆరోజు నన్ను చూసి నవ్విన మనిషే ఫిరతూ రామ్ గారు. అప్పటికి నలభై రెండేళ్ళు, శివారు రైతుల ముగ్గురి కమిటీకి పెద్ద.

ఆ కమిటీ ఎందుకంటే, మా దగ్గర టెయిల్ రిజిస్టరు అని ఒకటుంటుంది. ఒక్కో వంతుకి నీళ్ళు టెయిల్ రాయిని తాకినప్పుడు శివారు రైతులు ముగ్గురు అందులో సంతకం పెట్టాలి. తేదీ, లోతు పక్కన మా అమీన్, అంటే కాలువ కొలతలు చూసే కింది ఉద్యోగి, రాస్తాడు, కింద నేను సంతకం పెడతాను. ఈ రూలు పెట్టినవాడెవడో గానీ బుద్ధిమంతుడు. కాలువ పైన కూర్చున్న అధికారి నీళ్ళొచ్చాయని చెప్తే చాలదు, కాలువ కింద ఉన్నవాడు వచ్చాయనాలి. మా డిపార్ట్‌మెంటు మొత్తంలో రైతు మాటకి విలువిచ్చిన కాగితం అదొక్కటే.

దాన్ని నేను పాడుచేశాను. ఎలాగో వినండి, లంచం తిని కాదు, ఎవరికో భయపడీ కాదు. జాలిపడి చేశాను. రెండువేల ఆరు జూలైలో ఫిరతూ రామ్ గారూ మిగిలిన ఇద్దరూ బియాసి మధ్యలో పని మానుకుని, సైకిళ్ళ మీద ఇరవై రెండు కిలోమీటర్లు తొక్కుకుంటూ మా ఆఫీసుకి సంతకానికొచ్చారు. మోకాళ్ళ దాకా బురద. రిజిస్టరు ఊళ్ళోకి నేను తీసుకెళ్ళాలి, అది రూలు. ఆ వారం మోపెడ్ చెడిపోయిందని నేను వెళ్ళలేదు, వాళ్ళే వచ్చారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో ఒక తెలివి పుట్టింది. ‘కకా, ప్రతి వంతుకీ మీరు రావడం ఎందుకు, నేను రావడం ఎందుకు, ఈ సీజను అన్ని వంతులకీ ఇప్పుడే పెట్టేయండి, నీళ్ళొచ్చినప్పుడు మేం తేదీ వేసుకుంటాం’ అన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘మేడమ్ కహత్ హే త కర్ దేథన్’ అన్నాడు. మేడమ్ చెప్తోందిగా, పెట్టేద్దాం అని. ముగ్గురూ వరసగా పెట్టారు. టీ తెప్పించి ఇచ్చాను కూడా.

ఆ ఏడు నీళ్ళు వచ్చాయి. ఆ పైయేడూ వచ్చాయి. ముందే సంతకాలుండటంతో నా రిజిస్టరు ఎప్పుడు తనిఖీకి అడిగినా తాజాగా ఉండేది, ఒక్క గడి ఖాళీ ఉండేది కాదు. చుట్టుపక్కల సెక్షన్ల వాళ్ళు వచ్చి చూసి ఇదేదో బావుందని వాళ్ళూ మొదలుపెట్టారు. జనవరి ఇరవై ఆరున రికార్డులు చక్కగా నిర్వహిస్తున్నందుకు నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మా ఆయన సూరిబాబు దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు, మొన్న నేను తీసేసేదాకా అక్కడే ఉంది. ఎందుకు తీశావని అడిగారు. ఇవాళ చెప్తానన్నాను. వినండి మరి, మూడో వరసలో కూర్చుని ఫోను చూసుకోకండి. (నవ్వులు)

మూడో ఏడు వానలు వెనకబడ్డాయి. పైరైతులు కాలువకి గండ్లు కొట్టి మూరెడు వెడల్పు పైపులు పెట్టారు. పిల్ల కాలువ సగానికొచ్చేసరికే ఇంకిపోయింది. టెయిల్ రాయి దగ్గర కప్ప కూడా లేదు. మా అమీన్ రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రైతుల సంతకాలున్నాయి, తేదీ గడి ఖాళీగా ఉంది. తేదీ వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదని పైనుంచి ప్రశ్న వస్తుంది, గండ్ల సంగతి బయటికొస్తుంది, గండ్లు కొట్టినవాళ్ళ పేర్లు రాయాలి, ఆ పేర్లలో నీటి సంఘం పెద్దల పేర్లుంటాయి. వేస్తే ఏ ప్రశ్నా రాదు. అమీన్ నా మొహం చూశాడు. నేను కిటికీ బయటికి చూశాను. వాడు తేదీ వేశాడు, లోతు దగ్గర తొమ్మిది అంగుళాలని రాశాడు. కింద నేను సంతకం పెట్టాను. మొదటిసారి చెయ్యి ఆగింది. తర్వాత ఆరేళ్ళు, ఏటా సీజను మొదట్లో నన్ను నమ్మి వాళ్ళు ముందే పెట్టిన సంతకాల కింద, ఆగలేదు.

మంచినీళ్ళు కాస్త ఇవ్వండమ్మా.

ఆ ఆరేళ్ళూ సెమర్‌డీహ్‌లో నీళ్ళే లేవనుకోకండి. అదే విచిత్రం. పైవాళ్ళ మళ్ళు పొంగిపొర్లి, ఆ నీళ్ళు మురుగు కాలువలోకి దిగేవి. ఆ మురుగు కాలువ సెమర్‌డీహ్ పొలాల పక్కనించే పోతుంది, పొలాలకంటే ఒక మనిషి లోతున. కళ్ళెదుట నీళ్ళు, మడిలో నెర్రెలు. వాళ్ళు డీజిల్ ఇంజను పెట్టి మురుగు తోడుకున్నారు. అనుమతి లేకుండా మురుగు కాలువ లోంచి నీళ్ళు తీస్తున్నారని నోటీసు వచ్చింది. ఆ నోటీసు తీసుకెళ్ళి ఫిరతూ రామ్ గారి చేతికిచ్చింది కూడా నేనే. రిజిస్టరు మోసుకెళ్ళడానికి చెడిపోయిన మోపెడ్ నోటీసు మోసుకెళ్ళడానికి బాగానే నడిచింది.

రెండువేల పద్నాలుగు సెప్టెంబరులో నలభైమంది సెమర్‌డీహ్ రైతులు ట్రాక్టరు ఎక్కి డివిజన్ ఆఫీసుకి వచ్చారు. అప్పుడు అక్కడ పెద్ద మన మోహనకృష్ణ గారు. సార్, మీరు వాళ్ళని లోపలికి పిలిచారు, కుర్చీలు వేయించారు, అది కూడా చెప్పాలి, మీరెప్పుడూ రైతుని నిలబెట్టి మాట్లాడలేదు. నీళ్ళు రావడం లేదని వాళ్ళంటే, మీరు రిజిస్టరు తెప్పించారు. తెరిచి, ఫిరతూ రామ్ గారి వైపు తిప్పి, ‘యే కిస్‌కా దస్తఖత్ హై?’, ఈ సంతకం ఎవరిది అనడిగారు. మామూలుగానే అడిగారు, గొంతు పెంచలేదు. ఆయన చాలాసేపు చూశారు. ఒక పేజీ తిప్పారు, ఇంకో పేజీ తిప్పారు. అన్నీ ఆయనవే. తొమ్మిది అంగుళాలు, పది అంగుళాలు, తొమ్మిది అంగుళాలు. ‘మోర్ హే’ అన్నారు. నాదే అని.

నేను ఆ బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన తలెత్తి నా వైపు ఒకసారి చూశారు. ఇప్పుడు చెప్పు అని ఆ చూపు. నేను చెప్పలేదు. నోటి దాకా వచ్చిందని, గొంతు పట్టేసిందని ఏవేవో అనొచ్చు. అదేం లేదు. నేను నా ప్రమోషను ఫైలు గురించి ఆలోచిస్తున్నాను, అది అదే గదిలో రెండో బీరువాలో ఉంది. నలభైమందీ లేచి వెళ్ళిపోయారు. వాళ్ళతో వచ్చిన ఒక కుర్రాడు మెట్ల మీద ఫిరతూ రామ్ గారి మీద అరిచాడు, ‘నువ్వే అమ్మేశావు మమ్మల్ని’ అని. అది నాకు గదిలోకి వినిపించింది. ఆ ఊళ్ళో ఆయన్ని కమిటీ లోంచి తీసేశారు. మూడేళ్ళు ఆయన ఇంట్లో ఏ శుభకార్యానికీ ఎవరూ భోజనానికి రాలేదు.

మర్నాడు సార్ నన్ను గదికి పిలిచి తలుపేయించారు. ‘గంగా, నిజంగా నీళ్ళు వెళ్తున్నాయా?’ అన్నారు. నేను జవాబివ్వలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. సార్, క్షమించండి, మీ ముందే అంటున్నాను, మీరు రెండోసారి అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని. మీకది తెలుసు. అందుకే అడగలేదు.

ఆ పైయేడు పైనుంచి లెక్క తీశారు. మా పిల్ల కాలువ చివర తొమ్మిది అంగుళాల నీళ్ళు ఏటా నిలుస్తున్నాయంటే, అక్కడ మిగులు ఉన్నట్టే కదా. ఆ మిగులుని పదేళ్ళకి ఫ్యాక్టరీల వైపు కేటాయించారు. లేని నీళ్ళు, నేను కాగితం మీద పుట్టించిన నీళ్ళు. కాగితంలోంచి నీళ్ళు తీయలేరు గనక పెద్ద కాలువలోంచి తీశారు, అంటే సెమర్‌డీహ్‌కి ఏనాడైనా రావలసిన నీళ్ళలోంచే. బీర్‌గావ్ అన్నయ్యలూ, మొహాలు అలా పెట్టకండి. ఫ్యాక్టరీని నేనేం అనడం లేదు. మా మరిది తరుణ్ కూడా అక్కడే పనిచేస్తాడు, మా ఇంట్లోనూ ఆ జీతంతో వండిన అన్నం తిన్నాం. ఫ్యాక్టరీ అడిగింది, ప్రభుత్వం ఇచ్చింది, వాళ్ళకి ఇవ్వొచ్చని చెప్పింది నా రిజిస్టరు.

ఆ పదేళ్ళూ ఈ ఏటితో అయిపోతున్నాయి. వచ్చే నెల పద్దెనిమిదిన నీటి కేటాయింపుల కమిటీ కూర్చుంటుంది. కేటాయింపు పొడిగించాలా వద్దా అని వాళ్ళు చూసేది మళ్ళీ ఆ రిజిస్టరే. అది నిజమైతే సెమర్‌డీహ్‌కి కాలువ పేరుకే మిగుల్తుంది. అది అబద్ధమని తేలితే మళ్ళీ కొలవాలి. అబద్ధమని చెప్పగలిగిన వాళ్ళు కొద్దిమందే. ఒకరు మా అమీన్, ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఫిరతూ రామ్ గారూ మిగిలిన ఇద్దరూ ఉన్నారు, వాళ్ళ మాట వాళ్ళ సంతకాల ముందు చెల్లదు. మిగిలింది నేను.

పోయిన నెల ఒక ఉత్తరం రాసుకుని సెమర్‌డీహ్ వెళ్ళాను. సంతకాలు ముందే తీసుకున్నానని, తేదీలూ లోతులూ మేం కల్పించి రాశామని నేను ఒప్పుకుంటూ రాశాను. కింద వాళ్ళ ముగ్గురూ అవునని ఒక మాట రాసి సంతకం పెడితే బలంగా ఉంటుందనుకున్నాను. ఫిరతూ రామ్ గారు మంచం వాల్చారు, నీళ్ళిచ్చారు, ఉత్తరం చదివి వినిపిస్తే తల వంచుకుని విన్నారు. కలం ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ‘హమన్ అబ్ దస్కత్ నఇ కరన్ మేడమ్’ అన్నారు. మేమిక సంతకాలు పెట్టం అని. ఆయన కోడలు గుమ్మంలోంచి చెప్పింది, ఊళ్ళో ఎవరూ పెట్టరట. బడిలో పిల్లల కాగితాల మీద పెట్టరు, ఆస్పత్రిలో ఆపరేషను కాగితం మీద పెట్టడానికి ఒకాయన ఒప్పుకోకపోతే డాక్టరు రెండు రోజులు బతిమాలాడట. నేను అక్కడ కూర్చోలేక లేచొచ్చేశాను. నీళ్ళు పోయాయనుకున్నాను గానీ, ఇదీ పోయిందని అప్పటిదాకా నాకు తెలీదు.

ఉత్తరం సంగతి ముందే చెప్పాను గనక నిన్న రాత్రి సార్ ఫోను చేశారు. ‘రిటైరయ్యే రోజున ఇదేం పిచ్చి గంగా, పింఛను ఆపేస్తారు, ఎంక్వైరీ పెడతారు, నా దాకా వస్తుంది, డెబ్భై ఒకటో ఏట నన్ను కోర్టుల చుట్టూ తిప్పుతావా’ అన్నారు. సార్, మీరు నాకు తండ్రి తర్వాత తండ్రి. మొదటి ఉద్యోగంలో నేను ఆడదాన్నని అప్పటి అధికారి గట్టు మీదకి పంపనంటే, పంపమని పోట్లాడింది మీరు. మీ పేరు ఉత్తరంలో రాయలేదు. అడిగితే మాత్రం చెప్తాను. దాచమని మీరు అడగకండి, నాకు మీ మాట కాదనడం చాతకాదు, అందుకే మీరు ఇవాళ అధ్యక్షత చేస్తున్న సభలో, మీరు లేచి మాట్లాడలేని చోట చెప్తున్నాను. ఇది మర్యాద కాదని తెలుసు.

ఉత్తరం ఇవాళ సాయంత్రం నాలుగున్నరకి ఇన్‌వార్డులో ఇచ్చేశాను, నేనింకా ఉద్యోగంలో ఉండగానే. ముద్ర వేయించుకున్నాను. నకలు ఆ కేటాయింపుల కమిటీకి రిజిస్టర్డు పోస్టులో వెళ్ళింది. దాని మీద నా ఒక్కదాని సంతకమే ఉంది. మీరు కప్పిన ఈ శాలువా, ఈ పత్రం అక్కడ బల్ల మీద పెడుతున్నాను. కోపంతో కాదు. ఐదో పేరా నిజమైన రోజు ఎవరికైనా ఇవ్వండి.

నన్ను పిలిచినందుకు, విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. వంటలు చేసిన సూరమ్మ గారికి ప్రత్యేకంగా, గుత్తొంకాయ వాసన ఇక్కడిదాకా వస్తోంది, నా వల్ల చల్లారిపోతోంది. ఫిరతూ రామ్ గారిని ఇవాళ రమ్మని కబురు పెట్టింది నేనే, చివరగా ఒక్క మాట ఆయనకి ఆయన భాషలో చెప్పనివ్వండి.

ఫిరతూ కకా, ఓ దస్కత్ మన్ మోర్ గలతీ రిహిస్, తుంహర్ నొహయ్. సబ్ ఝన్ కే ఆఘూ కహత్ హంవ్.

ఆ సంతకాలు నా తప్పు, మీది కాదు, అందరి ముందూ చెప్తున్నాను అన్నాను.

(చివరి వరసలో కదలిక) ఉండండి, ఆయన్ని కూర్చోబెట్టకండి. భోజనం చేసి వెళ్ళమని బలవంతం చెయ్యకండి నాయనా, వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు ఎనిమిదింటికి. దారివ్వండి. ... ఏమంటున్నారు? గుమ్మం దగ్గరున్న వాళ్ళు కాస్త ఊరుకోండి. ... ‘పానీ ఆహీ, తబ్ గోఠియాబో మేడమ్.’ విన్నారా? నీళ్ళు రానీ, అప్పుడు మాట్లాడుకుందాం అంటున్నారు.

న్యాయంగా ఉంది. సెలవు.